వాములో జెర్రిపోతు ఉంది: ఉండనియ్యాలా, పట్టించెయ్యాలా?

వింజమూరు మెట్ట | శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది వింజమూరు పక్కన చిన్న పల్లె. ఇంటి వెనక పశువుల కొట్టం, దాన్ని ఆనుకుని గడ్డివాము. ఆ వాములో ఒక జెర్రిపోతు కాపురం పెట్టింది. దారిన పోతూ వచ్చింది కాదు, వేసవి నుంచీ ఇక్కడే ఉంది. పొద్దున ఎండ కాస్త ఎక్కాక వాముకి తూర్పు పక్క తల బయటపెట్టి కదలకుండా ఉంటుంది. గోధుమ రంగు ఒళ్ళు, తోక వైపు నల్లటి అడ్డచారలు, పెద్ద గుండ్రటి కళ్ళు. పెదాల మీద నల్లగీతలు కూడా కనపడేంత దగ్గర నుంచి చూశాను. మనిషి పొడుగు పైనే ఉంటుంది.

మా నాన్న, "దాని జోలికి పోవద్దు, అది ఉండబట్టే ఈ ఏడు పందికొక్కులు బస్తాల దగ్గరికి రాలేదు" అంటాడు. అమ్మకి మాత్రం నిద్ర లేదు. చెల్లెలు పురిటికి వచ్చి ఉంది, ఇంట్లో పసిబిడ్డ. పైగా గేదె ఈ మధ్య సాయంత్రం పూట పాలు తగ్గించింది. ఎదురింటి పెద్దమ్మ వచ్చి, జెర్రిపోతు తోకతో గేదె కాళ్ళు కట్టేసి పొదుగు తాగుతుందని చెప్పి పోయింది. ఇక రోజూ ఇంట్లో పంచాయితీనే. వీధిలో పిలకాయలు కర్రలు పట్టుకుని తయారుగా ఉన్నారు. పట్టేవాళ్ళని పిలిచి దూరంగా వదిలించమంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నిమ్మతోట, పొదలకూరు | శనివారం, రాత్రి 9:05

తమ్ముడూ, నువ్వు చెప్పిన గుర్తులన్నీ జెర్రిపోతువే. విషం లేదు. మూలకి తోసి బెదిరిస్తే కరుస్తుంది, గట్టిగానే కరుస్తుంది, నెత్తురు కారుతుంది, అంతే.

పాల సంగతి వేరు. పాము నోటి నిండా వెనక్కి వంగిన పళ్ళు. ఆ నోటితో పొదుగు పట్టుకుంటే గేదె ఊరుకుంటుందా? కొట్టం కూలిపోయేట్టు తన్నదూ? పాలు తాగి అరిగించుకునే ఒళ్ళు కూడా కాదు పాముది. నువ్వు ముందు పొదుగు పట్టి చూడు. ఒక రొమ్ము మిగతావాటి కంటే వేడిగా, గట్టిగా ఉందా? మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడు, తెల్లటి పలుకులు పడుతున్నాయా? పడితే పొదుగువాపు. పాముని వదిలేసి పశువుల డాక్టర్ని పిలువు.

కనిగిరి కరువు | శనివారం, రాత్రి 9:22

మీ కబుర్లు బాగానే ఉన్నాయి గానీ, పసిబిడ్డ ఉన్న ఇంట్లో పాముని ఉంచుకోమని సలహా ఇచ్చేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. అది జెర్రిపోతే అని ఎవరు సంతకం పెడతారు? మా ఊళ్ళో అయితే చూసిన రోజే తేల్చేస్తారు.

కోవూరు కయ్యలు | శనివారం, రాత్రి 10:10

కనిగిరి అన్నా, తేల్చేశాక ఏమవుతుందో కూడా చూడండి. వాములో ఎలకలు ఉన్నంత కాలం ఆ చోటు ఖాళీగా ఉండదు. ఇవాళ జెర్రిపోతు, అది పోతే రేపు నాగుపాము. ఈ రెండిట్లో ఏది కావాలో మీరే చెప్పండి.

మాది డెల్టా. వరి పొట్టకి వచ్చే వేళకి ఎలకలు దుబ్బులు కొరికి పడేస్తాయి. పొద్దున గట్టు మీద నిలబడి చూస్తే కయ్య నడిమధ్యన గుండ్రంగా నరికేసి ఉంటుంది, గట్టు పక్క మాత్రం పైరు నిక్షేపంగా ఉంటుంది. బయటి నుంచి చూస్తే తెలియనే తెలియదు. మందు పెడితే రెండు రోజులు తింటాయి, మూడో రోజు ముట్టవు. అప్పుడు మాకు దిక్కు యానాది పెద్దాయన ఒకరే.

ఆయన పని చూసి తీరాలి. అడుగున చిన్న చిల్లి పెట్టిన కుండ. అందులో ఎండుగడ్డి కూరి, నిప్పు అంటించి, కుండ మూతిని బొరియ నోటికి ఆనించి బురదతో చుట్టూ మెత్తుతాడు. ఇక వెనక చిల్లి దగ్గర నోరు పెట్టి ఊదుతాడు. పొగ లోపలికి పోయి గట్టుకి అవతల ఎక్కడో సన్నగా లేస్తుంది. అక్కడ ఆయన కొడుకు కాచుకుని ఉంటాడు. అన్నిటికంటే ముందు బొరియ నోరు చూస్తాడు. మట్టి తాజాగా తోడి ఉందా, సాలెగూడు కట్టిందా, అంచులు నున్నగా అరిగాయా అని. ఒక్కో బొరియ చూసి "ఇది వద్దు సామీ" అని పక్కకి పోతాడు. ఎందుకని అడిగితే, "లోపల ఉండేది ఎలక కాదు" అంటాడు. తవ్విన బొరియలో ఎలకలు దాచుకున్న వెన్నులు ఆయనవే. బేరంలో అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి.

ఆయన కూడా జెర్రిపోతుని కొట్టనివ్వడు. రక్తపింజరి అంటే మాత్రం ఆయనే నాలుగు అడుగులు వెనక్కి వేస్తాడు.

సర్కారు నర్సు | ఆదివారం, ఉదయం 6:30

నైట్ డ్యూటీ దిగి ఇది చూస్తున్నాను. ఏ ఆసుపత్రి అని అడక్కండి, ప్రకాశంలో అనుకోండి.

కనిగిరి గారూ, మీ భయం తప్పు కాదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని లెక్కగట్టారు. ఏడాదికి సగటున 58,000. ఎక్కువమంది పల్లెటూళ్ళవాళ్ళే. కాకపోతే ఆ చావుల్లో జెర్రిపోతు ఖాతాలో ఒక్కటీ లేదు. మన వైపు మనుషుల్ని చంపేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. పాముకాటు మందు కూడా ఈ నాలుగింటి విషానికే పనిచేసేలా తయారవుతుంది. ఆ విషంలో చాలా భాగం చెన్నై దగ్గర పాములు పట్టే ఇరుళ తెగవాళ్ళు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచే వస్తుంది.

నాకు టెన్షన్ పెట్టేది కట్లపాము. రాత్రి పూట ఇంట్లోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలో దూరుతుంది. కాటు పడిందని చాలాసార్లు మనిషికే తెలియదు. వాపు ఉండదు, గాటు కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి. ఇంట్లోవాళ్ళు అజీర్తి అనుకుని సోడా తాగిస్తారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, మాట ముద్దగా వస్తుంది. అప్పుడు ఆటో ఎక్కిస్తారు. పొద్దున లేచిన మనిషి రెప్పలు ఎత్తలేకపోతుంటే ఇంకేం ఆలోచించకుండా తీసుకురండి.

పింజరి అయితే వేరు. వాపు, నొప్పి, చిగుళ్ళ నుంచి నెత్తురు. మేము చేసే మొదటి పరీక్షకి పెద్ద మిషన్లు ఏమీ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కొంచెం నెత్తురు తీసి, స్టాండులో పెట్టి, 20 నిమిషాలు ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తాం. తర్వాత మెల్లిగా వంచుతాం. గడ్డకట్టి ఉంటే గొట్టంతో పాటే వంగి నిలుస్తుంది. నీళ్ళలాగా జారిపోయిందంటే విషం పని మొదలుపెట్టినట్టే. ఆ 20 నిమిషాలూ బయట చుట్టాలు, "ఊరికే కూర్చోబెట్టారు, ఇంజక్షన్ ఎందుకు వెయ్యరు" అని మా మీద కేకలు. ఏం చెప్పను.

కట్టు బిగించి కట్టొద్దు. కొయ్యొద్దు, పీల్చొద్దు. కాలు కదపకుండా కర్రకి వదులుగా కట్టి, 108 రాకపోతే దొరికిన బండి మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకురండి. పాముని చంపి సంచిలో తేవొద్దు, చచ్చిందనుకున్న పాము తల కూడా కరుస్తుంది. ఫోనులో దూరం నుంచి ఫొటో దొరికితే మంచిది, లేకపోయినా పర్లేదు. ఇంకో మాట, చిన్నపిల్లలకి మందు తక్కువ వెయ్యాలని కొందరు గొడవ పడతారు. కరిచిన పాము ఎంత విషం దింపిందన్నదే లెక్క, మనిషి సైజు కాదు. బిడ్డకీ పెద్దవాళ్ళకీ ఒకే డోసు.

వింజమూరు తమ్ముడూ, చెల్లెమ్మనీ బిడ్డనీ మంచం మీద పడుకోబెట్టండి, దోమతెర అంచులు పరుపు కిందకి దోపండి. వాముని ఇంటి గోడకి దూరంగా మార్చండి, కట్టెల మోపు కూడా. జెర్రిపోతు గురించి ఇంతకంటే అక్కర్లేదు.

కనిగిరి కరువు | ఆదివారం, ఉదయం 7:15

అక్కా, మీరు చెప్పాక సరే. జెర్రిపోతుని వదిలేశా.

నిమ్మతోట, పొదలకూరు | ఆదివారం, ఉదయం 7:40

కనిగిరి ఒక మాట మీద వెనక్కి తగ్గడం ఈ గ్రూపులో చూడటం ఇదే మొదలు. తేదీ రాసిపెట్టుకోండి.

దోర్నాల గేటు | ఆదివారం, మధ్యాహ్నం 1:20

మాది నల్లమల అంచు. మా దగ్గర పాము ఎవరికీ పెద్ద లెక్క కాదు. రాత్రి మేకల దొడ్డి దగ్గర కుక్కలు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయంటే అప్పుడు లేస్తాం. మొరిగితే పర్లేదు, మొరగడం ఆపేస్తేనే అనుమానం. చిరుతపులి వచ్చినప్పుడు కుక్కలు ముందుకి ఉరకవు, మంచాల కిందకి దూరతాయి. మావాళ్ళు దొడ్డికి ముళ్ళకంప ఎత్తుగా వేసి, పైన కూడా కప్పుతారు. పక్కలు ఎంత గట్టిగా కట్టినా పైన వదిలేస్తే లాభం లేదు.

పులి మాత్రం ఊళ్ళ వైపు రావడం అరుదు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అడవి లోపల అడుగుజాడలు చూసి చెప్పేది చెంచులే. ఇసుకలో ముద్ర చూసి రాత్రి పోయిందా, తెల్లారి పోయిందా అని చెబుతారు, మంచు తడి ముద్ర మీద పడిందా కింద ఉందా అన్నదాన్ని బట్టి.

శ్రీశైలం పోయేవాళ్ళకి ఒక మనవి. రాత్రి 9 దాటాక ఇక్కడ గేటు మూస్తారు, ఉదయం 6కి తీస్తారు. గేటు దగ్గర గొడవ పడటం దండగ. పగలు పోతూ కోతులకి అరటిపళ్ళు వెయ్యకండి. మీరు వేసి పోతారు, అవి బండి కనపడగానే రోడ్డు మీదకి దూకి టైర్ల కింద పడతాయి. మిగిలినవి మా వంటింట్లోకి వస్తాయి.

రొయ్యల గుంట | ఆదివారం, సాయంత్రం 4:05

జీవాలన్నిటినీ నెత్తిన పెట్టుకుంటున్నారు, మా గతి కూడా వినండి. విడవలూరు వైపు గుంటలు మావి. తెల్లారేసరికి కొంగలు, నీటికాకులు గట్టు మీద వరసగా కూర్చుని ఉంటాయి. అవి తినే రొయ్యకి నేను ఏడవను. తెల్లమచ్చ రోగం తగిలిన గుంటలో రొయ్య నీరసించి అంచుకి వస్తుంది. కొంగ దాన్ని ముక్కున కరుచుకుని లేస్తుంది, నా గుంట మీదకి వచ్చి జారవిడుస్తుంది. అయిపోయింది. అప్పు చేసి వేసిన పంట నాలుగు రోజుల్లో నేలమట్టం. పైన దారాలు కడితే కొంత ఆగుతాయి, నీటికాకి మాత్రం సందు చూసుకుని దిగుతుంది. టపాకాయలు పేలిస్తే పక్క గుంటకి పోయి మళ్ళీ వస్తాయి.

నేలపట్టు గట్టు | ఆదివారం, రాత్రి 7:30

అన్నా, మీ బాధ అర్థమవుతుంది. మా ఊరి వాటం వేరు, అందుకే చెబుతున్నా. మా చెరువులో కడప చెట్లు నీళ్ళలోనే నిలబడి ఉంటాయి. ఈశాన్య వానలకి చెరువు నిండగానే గూడబాతులు దిగుతాయి. ఒక్కో చెట్టు మీద కొమ్మ కొమ్మకీ గూడే. 1976లో రక్షిత కేంద్రం చేశారు, 458 హెక్టార్ల పైచిలుకు. దానికి ఎంతో ముందు నుంచీ ఊరివాళ్ళు వాటి జోలికి పోయేవాళ్ళు కాదు. భక్తి ఒక్కటే కాదు, అందులో లెక్క కూడా ఉంది. రెట్టలు పడిన చెరువు నీళ్ళు కయ్యలకి పారితే ఎరువు ఖర్చు తగ్గుతుందని మా తాతల నుంచీ చెప్పుకునే మాట.

పిల్లలు పుట్టాక చూడాలి ఆ సందడి. పెద్ద గూడబాతు దాదాపు మూగది. గోలంతా పిల్లలదే. తల్లి పులికాట్ వైపు పోయి చేపలు మేసి వస్తుంది. గూటిలో దిగీ దిగగానే పిల్ల దాని నోటి సంచిలోకి మెడ దాకా తల దూర్చేస్తుంది. బయట కాళ్ళు మాత్రం కొట్టుకుంటుంటాయి. మొదటిసారి చూసినవాళ్ళు తల్లి పిల్లని మింగేస్తోందని కేకలు పెడతారు.

2022లో జిల్లాలు మార్చాక మా దొరవారిసత్రం తిరుపతి జిల్లాలో పడింది. ఎవరైనా అడిగితే మాత్రం ఇప్పటికీ నెల్లూరనే చెబుతాం.

రొయ్యల గుంట | ఆదివారం, రాత్రి 8:00

రెట్టలతో మీ కయ్యలు పండుతాయి, మా గుంటలు ఎండుతాయి. అయినా గూడబాతుల మీద నాకేం కోపం లేదులే తమ్ముడూ. చిన్న కొంగల మీదే.

కోవూరు కయ్యలు | ఆదివారం, రాత్రి 8:25

దారం ఒక్కటే ఆపదు అన్నా. మా బావ గుంట మొత్తం మీద వల పరిచాడు, చుట్టూ పీతలు దాటకుండా కింద అడ్డు కూడా వేశాడు. రోగం మోసేది పక్షి ఒక్కటే కాదు, పీత కూడా. ఒక గుంటలో వాడిన వల, బకెట్ ఇంకో గుంటలో ముంచినా అంతే. పక్షుల్ని తిట్టుకుంటూ పనివాళ్ళ బకెట్లు మర్చిపోతున్నాం.

వింజమూరు మెట్ట | గురువారం, రాత్రి 9:10

అందరికీ థాంక్స్. పశువుల డాక్టరు వచ్చి చూశారు. ఎడమ వెనక రొమ్ముకి పొదుగువాపే. మందు మొదలుపెట్టాం, పాలు కోలుకుంటున్నాయి. ఎదురింటి పెద్దమ్మకి ఈ సంగతి చెబితే, "వాపు మాత్రం ఎందుకొచ్చింది, అది కొరకబట్టే" అంది. ఆమెతో గెలవలేం.

వానలు గట్టిపడకముందే వాము మార్చేశాం, దొడ్డికి అవతల చింతచెట్టు పక్కకి. నాన్న, నేను, ఇద్దరు పిలకాయలు. చేతులతో కాకుండా పంగలకర్రతో పైనుంచి పొరలు పొరలుగా తీశాం. సగం దిగాక అడుగున కుబుసం దొరికింది, కంటి దగ్గర పొర కూడా చెక్కుచెదరలేదు. ఇంకా కిందకి పోతే తోలు సంచుల్లా ముడుచుకుపోయిన గుడ్డు పెంకులు, ఒకదానికొకటి అతుక్కుని. అంటే పిల్లలు ఎప్పుడో లేచిపోయాయి. అమ్మ ఆ పెంకులు చూసి ఒక్క మాట మాట్లాడలేదు, పోయి పసుపునీళ్ళు తెచ్చి చల్లింది. పెద్ద పాము మాకు కనపడకుండానే జారుకుంది. ఎలకగూళ్ళు మాత్రం పాతవి రెండు ఉన్నాయి, రెండూ ఖాళీ.

కనిగిరి కరువు | గురువారం, రాత్రి 9:45

మంచి పని చేశారు. ఇప్పుడు నా సంగతి తేల్చండి. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టింది, పందులు మొదలయ్యాయి. తినేది తక్కువ, తవ్వి పోసేది ఎక్కువ. ఒక్క రాత్రికి అరెకరం దున్నినట్టు చేసి పోయాయి. పాత చీరలు చుట్టూ కట్టాం, కొన్నాళ్ళు బెదిరాయి, ఇప్పుడు చీర కింద నుంచే వస్తున్నాయి. మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్టు వెంట చల్లాం. మూతితో వాసన పట్టుకుంటూ వచ్చే జంతువు కదా, ముక్కులోకి పోయి చిరాకు పుట్టాలి. వాన పడితే ఆ వెంట్రుకలు కొట్టుకుపోతున్నాయి. రాత్రంతా మంచె మీద డబ్బా వాయించడం నా వల్ల కావడం లేదు. పక్క చేను ఆయన లైనుకి తీగ తగిలించి చుట్టూ లాగుదాం అంటున్నాడు.

సర్కారు నర్సు | గురువారం, రాత్రి 10:00

ఆ మాట మళ్ళీ అనొద్దు అన్నా. అలాంటి తీగ తగిలిన మనుషుల్ని తెల్లవారి మా దగ్గరికి తెస్తారు. నీళ్ళు కట్టడానికి పోయిన పక్క రైతు, బహిర్భూమికి పోయిన పిల్లవాడు. అప్పటికి చెయ్యడానికి ఏమీ మిగలదు. తీగ పెట్టినవాడు జైలుకి పోతాడు. రెండు ఇళ్ళూ నాశనం.

నిమ్మతోట, పొదలకూరు | గురువారం, రాత్రి 10:20

అక్క చెప్పింది నిజం. కనిగిరీ, సోలార్ కంచె చూడు. బ్యాటరీ నుంచి పెట్టె ద్వారా ఆగి ఆగి కొడుతుంది. షాక్ గట్టిగా తగులుతుంది గానీ క్షణంలో వెయ్యో వంతు కూడా ఉండదు కాబట్టి ప్రాణం తియ్యదు. లైన్ కరెంటు అలా కాదు, పట్టుకుని వదలదు. పందికి కింద తీగ జానెడు ఎత్తులో ఉండాలి, మూతి తగలాలి. ఎత్తులో కడితే వీపు తగులుతుంది, ఆ బొచ్చుకి దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

కనిగిరి కరువు | శుక్రవారం, ఉదయం 6:50

మా నలుగురు రైతులం కలిసి వేద్దామని మాట్లాడుకున్నాం. చేలు ఆనుకునే ఉన్నాయి. పక్క చేను ఆయన కూడా సరే అన్నాడు. వేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎక్కడ దెబ్బ తింటుంది?

దోర్నాల గేటు | శుక్రవారం, ఉదయం 8:15

గడ్డి దగ్గర. వానలకి కింద గడ్డి లేచి తీగకి తగిలిందంటే కరెంటంతా భూమిలోకి పోతుంది. పెట్టె మాత్రం టిక్కు టిక్కు అంటూనే ఉంటుంది, పందులు దర్జాగా దాటి పోతాయి. మా వైపు మూడు కుటుంబాలు కలిసి వేసుకున్నారు. డబ్బు దగ్గర ఏ పేచీ రాలేదు, గడ్డి కొయ్యడం నీ వంతా నా వంతా అని ఇప్పుడు మాటల్లేవు. ఏ గట్టు ఎవరు కొయ్యాలో తీగ కొనకముందే కాగితం మీద రాసుకోండి.